సాధనం మారినా అర్థం మారరాదు: పాత డేటాబేస్ ప్రోగ్రాముల నవీకరణలో వ్యవసాయ శాస్త్రవేత్త బాధ్యత

వ్యవసాయ పరిశోధనలో ఒక ప్రయోగపు ఫలితం ఆ ఏటితో ముగిసిపోదు. ఒక ఖరీఫ్‌లో కురిసిన వర్షం, సోకిన తెగులు, లభించిన దిగుబడి అదే రీతిలో మరల సంభవించవు. వాటిని తిరిగి కొలిచే అవకాశం ఎవరికీ ఉండదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో ఆరంభమైన బ్రాడ్‌బాల్క్ గోధుమ ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది. మన దేశంలో భారతీయ వ్యవసాయ పరిశోధనా మండలి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలపై అఖిల భారత సమన్వయ పథకాన్ని 1970లో ప్రారంభించింది. ఇటువంటి ప్రయోగాల విలువ అంతా వరుస తెగని లెక్కలలోనే ఉన్నది. కానీ ఆ లెక్కలను భద్రపరచే కంప్యూటర్ ప్రోగ్రాముల ఆయుష్షు ప్రయోగాల ఆయుష్షుతో పోలిస్తే చాలా స్వల్పం. ఒకే ప్రయోగపు దత్తాంశం తన జీవితకాలంలో రెండు మూడు పర్యాయాలైనా ఒక సాధనం నుండి మరొక సాధనానికి మారక తప్పదు.

ఈ మార్పును సాధారణంగా కంప్యూటర్ విభాగపు పనిగా భావించి శాస్త్రవేత్తలు దూరంగా ఉంటారు. పాత తెరలను పోలిన కొత్త తెరలు సిద్ధమై, రికార్డుల సంఖ్య సరిపోయినట్లయితే పని పూర్తయినదని అనుకుంటారు. వాస్తవానికి అంకెలన్నీ చెక్కుచెదరకుండా చేరినప్పటికీ వాటి అర్థం దారిలో జారిపోయే ప్రమాదం ఉన్నది. ఆ అర్థం తెలిసినవారు ప్రోగ్రామర్లు కారు. ప్రయోగం నిర్వహించినవారు, గ్రామాలలో సర్వే చేసినవారు, ఏళ్ల తరబడి వివరాలు నమోదు చేసిన సిబ్బంది. కనుక ఈ విషయంలో విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు కనీస అవగాహన అవసరం.

పాత ప్రోగ్రాముల నేపథ్యం

1980 దశకపు ఆరంభంలో వ్యక్తిగత కంప్యూటర్లతోపాటు వ్యాప్తిలోకి వచ్చిన డేటాబేస్ సాధనాలలో డీబేస్ ప్రముఖమైనది. దాని పట్టికలు డి.బి.ఎఫ్. అనే ఫైలు రూపంలో ఉండేవి. అదే రూపాన్ని స్వీకరించి క్లిప్పర్, ఫాక్స్‌బేస్, ఫాక్స్‌ప్రో వచ్చాయి. ఫాక్స్‌ప్రోను రూపొందించిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్ సంస్థను మైక్రోసాఫ్ట్ 1992లో సొంతం చేసుకొన్నది. 2004 చివరలో విడుదలైన విజువల్ ఫాక్స్‌ప్రో 9 ఆ వరుసలో చివరిది. ఆ తరువాతి సంచిక ఉండదని 2007లో ప్రకటించారు. 2015 జనవరితో తయారీదారు మద్దతు పూర్తిగా ముగిసింది. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6కు 2008 ఏప్రిల్‌లోనే మద్దతు ఆగిపోయింది.

మద్దతు ముగియడం అంటే ప్రోగ్రామ్ మరునాడే ఆగిపోవడం కాదు. అందువల్లనే అనేక కార్యాలయాలలో ఈ ప్రోగ్రాములు నేటికీ పనిచేస్తున్నాయి. అయితే ఇబ్బందులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 64 బిట్ విండోస్‌లో డాస్ ప్రోగ్రాములు నేరుగా నడవవు. కొత్త ప్రింటర్లు పాత నివేదికలను ముద్రించవు. ఒక డి.బి.ఎఫ్. పట్టిక పరిమాణం ఫాక్స్‌ప్రోలో 2 గిగాబైట్లు దాటరాదు. యాక్సెస్‌లో మొత్తం ఫైలుకే ఆ పరిమితి ఉన్నది. వీటన్నింటికంటే పెద్ద ఇబ్బంది మనుషులకు సంబంధించినది. ప్రోగ్రామ్ రాసినవారు, దానిలో వివరాలు నింపినవారు పదవీ విరమణ చేస్తారు. కంప్యూటర్ చెడిపోతే మరొకటి కొనవచ్చును. వారితో వెళ్లిపోయిన వివరణను కొనలేము.

మార్పునకు గల మార్గాలు

మొదటి మార్గం, ప్రోగ్రామును ఉన్నదున్నట్లు ఉంచి, పాత ఆపరేటింగ్ సిస్టమును కొత్త యంత్రంలో వర్చువల్ యంత్రంగా నడపడం. దీనికి ఖర్చు తక్కువ. పాత నివేదికలు తిరిగి చూడవలసిన అవసరం ఉన్నంతకాలం ఇది ఉపయోగపడుతుంది. సమస్యను వాయిదా వేస్తుందే కాని తీర్చదు.

రెండవ మార్గం, పట్టికలను మాత్రం పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి సర్వర్ డేటాబేసులోకి మార్చి, పాత తెరలను దానికి అనుసంధానించడం. దత్తాంశం ముందుగా సురక్షిత స్థానానికి చేరుతుంది. తెరలను తరువాత ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చును. సిబ్బంది తక్కువగా ఉన్న పరిశోధనా స్థానాలకు ఇది అనువైన పద్ధతి.

మూడవ మార్గం, సీషార్ప్, జావా, పైథాన్ వంటి భాషలలో మొత్తం ప్రోగ్రామును తిరిగి రాయడం. విజువల్ బేసిక్ 6 కోడ్‌ను డాట్‌నెట్‌కు మార్చే స్వయంచాలక సాధనాలు కూడా వచ్చాయి. అవి కోడ్‌లోని వాక్యాలను మార్చగలవు. ఆ వాక్యం ఎందుకు రాశారో చెప్పలేవు. ఏ భాషను ఎంచుకోవాలన్న ప్రశ్నకు సమాధానం ఆ భాష కొత్తదనంలో లేదు. రాబోయే పదేళ్లు దానిని నిర్వహించగలవారు స్థానికంగా లభిస్తారా, దత్తాంశాన్ని ఎప్పుడైనా సాదా పాఠ్య రూపంలో బయటకు తీయగలమా అన్న రెండు ప్రశ్నలు అంతకంటే ముఖ్యమైనవి.

ఏ మార్గం అనుసరించినా దిగువ పేర్కొన్న అంశాలలో అప్రమత్తత అవసరం.

ఖాళీ వేరు, సున్న వేరు

డీబేస్ త్రీ, డాస్ ఫాక్స్‌ప్రో కాలపు పట్టికలలో 'విలువ తెలియదు' అని సూచించే ప్రత్యేక గుర్తు లేదు. అంకెల కాలమ్‌ను నింపకుండా వదిలితే ఫైలులో ఖాళీ స్థలాలు మిగులుతాయి. గణనలో మాత్రం వాటిని సున్నగా తీసుకొంటారు. ఉదాహరణకు నాలుగు పునరావృత్తులు గల ప్రయోగంలో ఒక మడి పశువుల వల్ల నష్టపోయి, మిగిలిన మూడింటిలో దిగుబడి 24, 26, 25 కిలోలు వచ్చినదనుకొందాం. సరైన సగటు 25 కిలోలు. ఖాళీ గడిని సున్నగా భావిస్తే సగటు 18.75 కిలోలకు దిగిపోతుంది. మంచి రకం కూడా తక్కువ దిగుబడి రకంగా కనిపిస్తుంది.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. సున్నలన్నింటినీ 'విలువ తెలియదు'గా మార్చినట్లయితే, వాన కురవని రోజులు లెక్కలోంచి తొలగిపోయి రోజువారీ సగటు వర్షపాతం పెరిగినట్లు కనిపిస్తుంది. వర్షమాపకం చూడని రోజును, చూసినా వాన లేని రోజును వేరుచేసి చెప్పగలిగినది మూల రిజిస్టరు మాత్రమే. కనుక ప్రతి అంకెల కాలమ్‌కు ఖాళీ అంటే ఏమిటి, సున్న అంటే ఏమిటి అన్నది ముందుగా రాసి పెట్టుకోవాలి.

విస్తీర్ణపు అంకెలలో దాగిన లెక్క

గ్రామ సర్వేల పట్టికలలో విస్తీర్ణం 2.35 అని ఉన్నప్పుడు దాని అర్థం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తెలంగాణలో భూమిని ఎకరాలు, గుంటలలో చెబుతారు. ఎకరానికి 40 గుంటలు. అక్కడ 2.35 అంటే 2 ఎకరాల 35 గుంటలు, అనగా 2.875 ఎకరాలు. ఆంధ్ర ప్రాంతంలో ఎకరానికి 100 సెంట్లు కనుక అదే అంకె 2 ఎకరాల 35 సెంట్లు, అనగా 2.35 ఎకరాలే. పాత ప్రోగ్రామ్ గుంటల లెక్కను కోడ్‌లో సరిచేసి మొత్తం చూపి ఉండవచ్చును. పట్టికను మాత్రమే కొత్త సాధనంలోకి తెచ్చి కూడితే ఆ సవరణ జరగదు. ముగ్గురు రైతుల విస్తీర్ణాలు 1.30, 2.20, 0.25 అని ఉన్నాయనుకొందాం. దశాంశాలుగా కూడితే 3.75 వస్తుంది. గుంటల లెక్కన అసలు మొత్తం 4 ఎకరాల 35 గుంటలు. ముగ్గురి వద్దనే ఎకరానికి పైగా తేడా వచ్చినప్పుడు మండలం మొత్తానికి ఎరువులు, విత్తనాల అంచనా ఎంత తప్పుతుందో ఊహించవచ్చును.

దీనిని గుర్తించడానికి ఒక సులభ పరీక్ష ఉన్నది. ఒక గ్రామపు రికార్డులన్నింటిలో చుక్క తరువాతి భాగం 39ని ఎక్కడా దాటకపోతే అవి గుంటలు అయ్యే అవకాశం ఎక్కువ. 50, 75 వంటివి తరచుగా కనిపిస్తే అవి సెంట్లు లేదా దశాంశాలు. రెండూ కలగలిసి ఉంటే ఆ గ్రామపు మూల పత్రాలను చూడక తప్పదు. కొత్త పట్టికలో ఎకరాలను, గుంటలను వేర్వేరు కాలమ్‌లలో ఉంచి, హెక్టార్లను గణన ద్వారా పొందడం క్షేమం.

కోడ్‌లో మిగిలిపోయే సూత్రాలు

వరి దిగుబడిని 14 శాతం తేమ వద్దకు సవరించి నివేదించడం పరిశోధనలో ఆనవాయితీ. కోత సమయంలో ధాన్యం బరువు 50 కిలోలు, తేమ 22 శాతం అయితే, 50ని 78తో గుణించి 86తో భాగించగా 45.35 కిలోలు వస్తుంది. కొన్ని ప్రోగ్రాములు సవరించిన బరువును పట్టికలో భద్రపరుస్తాయి. మరికొన్ని కోసిన బరువునే ఉంచి, నివేదిక ముద్రించేటప్పుడు సవరిస్తాయి. రెండవ రకం ప్రోగ్రాము నుండి పట్టికను మాత్రమే తరలించినవారికి దిగుబడులన్నీ అసలుకంటే అధికంగా కనిపిస్తాయి. ఎవరూ ఒక్క అంకెను మార్చలేదు. సూత్రం వెనుక ఉండిపోయింది.

పోలికలు చేసే విధానంలోనూ ఇటువంటి తేడా ఉన్నది. ఫాక్స్‌ప్రోలో సాధారణ అమరిక ప్రకారం 'ఎం.టి.యు. 10'కు సమానమైన రకాలను అడిగితే, ఆ అక్షరాలతో ఆరంభమయ్యే ఎం.టి.యు. 1001, ఎం.టి.యు. 1010 రెండూ వస్తాయి. కొత్త డేటాబేసులలో సమానం అంటే పూర్తిగా సమానమే. ఒక్క రికార్డు కూడా రాదు. అంకెలను కుదించే పద్ధతి కూడా ఒకటి కాదు. 2.5ను ఫాక్స్‌ప్రో 3గా కుదిస్తుంది. పైథాన్‌లోని సాధారణ ప్రమేయం సమీపంలోని సరిసంఖ్య అయిన 2గా కుదిస్తుంది. వేల గడులు గల పట్టికలో ఈ చిన్న తేడాలే మొత్తం సరిపోకపోవడానికి కారణమవుతాయి.

సంవత్సరం, జిల్లా, రకం పేరు

వ్యవసాయ సంవత్సరం జూలైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. రబీ 2019-20 పంటను కొందరు 2019 కింద, కొందరు 2020 కింద నమోదు చేసి ఉంటారు. తేదీల విషయంలో మరొక చిక్కు ఉన్నది. పాత ప్రోగ్రాములలో సంవత్సరానికి రెండు అంకెలే నింపే అలవాటు వల్ల, 2001లో విత్తిన పంట తేదీ ఫైలులో 1901గా నిలిచిపోయి ఉండవచ్చును. ప్రతి తేదీ కాలమ్‌లో అతి పాత తేదీని, అతి కొత్త తేదీని చూస్తే ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఇంకొక పరీక్ష. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31గా, 2019లో 33గా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత రికార్డులోని జిల్లా పేరును చెరిపి కొత్త పేరు రాయడం తగదు. పాత పేరును అట్లే ఉంచి, గ్రామం లేదా మండలం ఆధారంగా నేటి జిల్లాను వేరొక కాలమ్‌లో చూపాలి. 1998 నాటి రికార్డులో ఆదిలాబాద్ అని మాత్రమే ఉండి మండలం లేకపోతే, అది నేటి ఆదిలాబాద్‌దో, నిర్మల్‌దో, మంచిర్యాలదో, కుమురం భీం ఆసిఫాబాద్‌దో ఎవరూ చెప్పలేరు. అటువంటి చోట 'ఉమ్మడి జిల్లా' అని నిజాయితీగా రాయడమే శాస్త్రీయం.

రకాల పేర్లలోనూ ఏకరూపత ఉండదు. బి.పి.టి. 5204, సాంబ మసూరి, 5204 అని మూడు విధాలుగా రాసినది ఒకే రకం. వీటిని ఒకే సంకేతం కిందకు తేవడం అవసరమే. కానీ మొదట రాసిన పేరును పక్కన భద్రపరచాలి. తరువాత తప్పు తెలిసినప్పుడు వెనుకకు వెళ్లే దారి అదొక్కటే.

తెలుగులో ఉన్న దత్తాంశం

డాస్ కాలంలో సి-డాక్ వారి జిస్ట్ పరిజ్ఞానంతో డేటాబేసులలో తెలుగు నింపే వీలు కలిగింది. అక్షరాలు ఇస్కీ సంకేతాలలో ఉండేవి. దీనికి 1991లో భారతీయ ప్రమాణం ఏర్పడింది. యూనికోడ్‌లోని భారతీయ లిపుల అమరికకు ఇస్కీయే ఆధారం కనుక వాటిని యూనికోడ్‌లోకి మార్చడం దాదాపు క్రమబద్ధమైన పని. విండోస్ కాలంలో ప్రత్యేక ఫాంట్లతో నింపిన తెలుగు అటువంటిది కాదు. వాటిలో ఒక్కొక్క సంకేతం అక్షరానికి కాక గుడి, కొమ్ము, ఒత్తు వంటి రూపభాగానికి చెందుతుంది. ఆ ఫాంట్ లేని యంత్రంలో రైతు పేరు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల వరుసగా కనిపిస్తుంది. ఏ ఫాంట్ వాడారో ముందుగా తెలుసుకొని, దానికి తగిన పరివర్తకంతో మార్చి, తెలుగు తెలిసినవారితో సరిచూపించాలి.

కాలమ్ పొడవు మరొక జాగ్రత్త. 'కరీంనగర్' అన్న పేరుకు ఇస్కీలో 8 బైట్లు సరిపోతాయి. యూనికోడ్‌లో విస్తృతంగా వాడే యు.టి.ఎఫ్.-8 రూపంలో 24 బైట్లు కావాలి. కొన్ని డేటాబేసులు పొడవును అక్షర సంకేతాలలో, కొన్ని బైట్లలో లెక్కిస్తాయి. బైట్లలో లెక్కించే చోట పాత పొడవునే ఉంచితే పేర్లు మధ్యలో తెగిపోతాయి.

కనిపించని రికార్డులు

డి.బి.ఎఫ్. పట్టికలో రికార్డును తొలగించినప్పుడు అది వెంటనే చెరిగిపోదు. దాని మొదటి స్థానంలో నక్షత్రం గుర్తు పడుతుంది. 'ప్యాక్' అనే ఆదేశం ఇచ్చేవరకు ఫైలులోనే ఉంటుంది. తరలింపు సాధనాలలో కొన్ని ఈ గుర్తు గల రికార్డులను వదిలివేస్తాయి, కొన్ని తీసుకువస్తాయి. ఎప్పుడో తిరస్కరించిన మడులు తిరిగి లెక్కలోకి రాకుండా వాటిని విడిగా తీసి పరిశీలించాలి. అదేవిధంగా పొడవైన వ్యాఖ్యలు డి.బి.ఎఫ్.లో కాక డి.బి.టి. లేదా ఎఫ్.పి.టి. అనే తోడు ఫైలులో ఉంటాయి. ఆ ఫైలును కాపీ చేయడం మరచినట్లయితే 'ఈ మడిలో నీరు నిలిచింది' వంటి విలువైన పరిశీలనలు పోతాయి. అంకెలకు వివరణ ఇచ్చేవి అవే. మధ్యలో ఎక్సెల్ ద్వారా తరలించేవారు గ్రామ సంకేతం 007 కేవలం 7గా, మడి సంఖ్య 3-4 ఒక తేదీగా మారిపోవడాన్ని కూడా గమనించాలి.

అనుసరించవలసిన క్రమం

మొదటగా పట్టికలు, తోడు ఫైళ్లు, ప్రోగ్రామ్ కోడ్, ముద్రిత నివేదికలు అన్నింటినీ సేకరించి, మార్చడానికి వీలులేని ప్రతిగా రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. ప్రోగ్రామ్ తెరిచి ఉన్నప్పుడు కాపీ చేయరాదు.

రెండవది, దత్తాంశ నిఘంటువు తయారుచేయాలి. డి.బి.ఎఫ్.లో కాలమ్ పేరు పది అక్షరాలు మించరాదు కనుక పేర్లు పొడి అక్షరాలుగా ఉంటాయి. ప్రతి కాలమ్‌కు పూర్తి పేరు, కొలమానం, అనుమతించే విలువలు, ఖాళీకి అర్థం, గణన సూత్రం రాయాలి. వివరాలు నమోదు చేసిన సిబ్బంది ఇంకా అందుబాటులో ఉండగానే వారి పక్కన కూర్చొని రాయవలసిన పని ఇది.

మూడవది, తరలింపును చేతితో కాక ప్రోగ్రామ్ ద్వారా చేయాలి. తప్పు దొరికినప్పుడు సవరించి మొదటి నుండి మరల నడపడానికి వీలుంటుంది.

నాలుగవది, సరిచూపు. రికార్డుల సంఖ్యతో ఆగక, సంవత్సరం వారీగా, కేంద్రం వారీగా మొత్తాలను పోల్చాలి. అన్నింటికంటే గట్టి పరీక్ష, గతంలో ప్రచురించిన వార్షిక నివేదికలోని ఒక పట్టికను కొత్త సాధనం నుండి తిరిగి రాబట్టడం. సరిపోకపోతే కారణం కనుగొనాలి, అంకెను సర్దరాదు. కొన్ని సందర్భాలలో తప్పు పాత నివేదికదే కావచ్చును. అప్పుడు ఆ విషయాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి.

అయిదవది, పాత, కొత్త విధానాలను కొంతకాలం జంటగా నడపాలి. జీతాల లెక్కకు ఒకటి రెండు నెలలు చాలవచ్చును. పంటల దత్తాంశానికి ఖరీఫ్, రబీ రెండూ గడిచే పూర్తి వ్యవసాయ సంవత్సరం కావాలి. రబీలో మాత్రమే వాడే తెరలు, సూత్రాలు ఖరీఫ్ పరీక్షలో బయటపడవు.

స్నాతకోత్తర విద్యార్థులు ఒక పాత ప్రయోగపు పట్టికలను తీసుకొని నిఘంటువు రాయడం, ప్రచురిత ఫలితాన్ని తిరిగి రాబట్టడం తమ పరిశోధనలో భాగంగా చేయవచ్చును. సగటు, విచలనం లెక్కించడానికి ముందు ఒక అంకె ఎక్కడ పుట్టి, ఏ చేతుల మీదుగా వచ్చిందో తెలుసుకోవడం వారికి మంచి శిక్షణ కూడా. విస్తరణ శాస్త్రవేత్త రైతుకు చేసే ప్రతి సిఫారసు వెనుక ఇటువంటి పట్టికలే ఉన్నాయి. ఎకరాకు ఎంత నత్రజని వేయాలి, ఏ రకం ఏ నేలకు తగినది అన్న సమాధానాలు అనేక సంవత్సరాల సగటుల నుండి వస్తాయి. నేడు ఎంచుకొనే కొత్త సాధనం కూడా మరికొన్నేళ్లకు పాతదే అవుతుంది. ప్రతి కాలమ్ అర్థాన్ని ఇప్పుడే రాసి, దత్తాంశం పక్కనే ఉంచినట్లయితే, తరువాతి మార్పు చేపట్టేవారు ఊహలపై ఆధారపడవలసిన పని ఉండదు. ఆ సగటులను నమ్మి పెట్టుబడి పెట్టే రైతు నష్టపోడు.